సినీ రాయితీ ఖర్చుకా, కూలికా?

గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవ వేదిక మీద నుంచి 2023 నవంబరులో కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ ఒక వరం ప్రకటించింది. విదేశీ నిర్మాతలు భారతదేశానికి వచ్చి చిత్ర నిర్మాణం జరిపితే, ఇక్కడ పెట్టిన అర్హమైన ఖర్చులో 40 శాతం వరకు, 30 కోట్ల రూపాయల పరిమితికి లోబడి, ప్రభుత్వమే తిరిగి చెల్లిస్తుంది. 2022 మే నెలలో కాన్ చిత్రోత్సవంలో ఇదే పథకాన్ని తొలిసారి ప్రకటించినప్పుడు ఉన్నది 30 శాతం, 2 కోట్ల రూపాయల పరిమితి. ఏడాదిన్నరలో ఆ పరిమితి పదిహేను రెట్లయింది.

ఈ 40 శాతాన్ని విడదీసి చూడవలసి ఉంది. అందులో 30 శాతం ఖర్చు చేసినందుకు. అది ఏ పద్దు కింద చేసిన ఖర్చయినా ఒకటే లెక్క. సిబ్బందిలో 15 శాతమో అంతకు మించో భారతీయులను నియమించుకుంటే మరో 5 శాతం. కథావస్తువులో గణనీయమైన భారతీయ అంశం ఉంటే ఇంకో 5 శాతం. మనదేశపు మనిషికి పని కల్పించడమన్నది ఈ పథకంలో అసలు షరతు కాదు, కొసరు మాత్రమే. కేంద్రం చూపిన దారినే రాష్ట్రాలూ నడుస్తున్నాయనడం కంటే, రాష్ట్రాలు అప్పటికే వేసుకున్న దారిలోకి కేంద్రం వచ్చి చేరిందనడం సబబు. ఉత్తరప్రదేశ్ 2018 నాటి చలనచిత్ర విధానం ప్రకారం చిత్రీకరణ దినాల్లో సగం ఆ రాష్ట్రంలో గడిపితే కోటి రూపాయల వరకు, మూడింట రెండు వంతులు గడిపితే 2 కోట్ల వరకు సబ్సిడీ. జమ్ము కాశ్మీరు 2021లో తన విధానాన్ని ప్రకటించింది. 2015వ సంవత్సరపు జాతీయ పురస్కారాలతో మొదలుపెట్టి, సినిమా వారికి అత్యంత అనుకూలమైన రాష్ట్రానికి కేంద్రం ఒక పురస్కారం కూడా ఇస్తూ వచ్చింది. గుజరాత్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, ఉత్తరాఖండ్, సిక్కిం దానిని అందుకున్నవే.

రాయితీలు ఇవ్వరాదన్నది ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రాయితీలు లేకుంటే తెలుగు సినిమా ఈనాడు హైదరాబాదులో ఉండేది కాదేమో. ప్రశ్న వాటి కొలబద్ద గురించి. కెమెరా ఎన్ని రోజులు మన నేల మీద నిలిచిందని కొలవాలా, లేక మన నేల మీది మనిషికి ఎంత కూలి ముట్టిందని కొలవాలా?

ఈ విషయంలో తెలుగువారికి సుదీర్ఘ అనుభవం ఉంది. తెలుగు సినిమా పుట్టిందే పరాయి ఊళ్ళలో. తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తయారైంది. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ నెలకొల్పినా అది నిలదొక్కుకోలేకపోయింది. స్టూడియోలు, ప్రయోగశాలలు, పెట్టుబడిదారులు, సంగీత విద్వాంసులు అందరూ మద్రాసులోనే ఉండగా నిర్మాత మరెక్కడికి పోగలడు? 1953లో ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడివడింది. సినిమా విడివడలేదు. రాజధాని కర్నూలుకూ, అక్కడి నుంచి హైదరాబాదుకూ తరలిపోయింది గాని వాహినీ ఫ్లోర్లు కదలలేదు. తెలుగు ప్రేక్షకుడు కొన్న టికెట్టు డబ్బు మాత్రం ఏటా మద్రాసు చేరి అక్కడి వడ్రంగులకు, విద్యుత్ కార్మికులకు, దర్జీలకు జీతాలుగా మారుతూ ఉండేది.

1950ల చివర హైదరాబాదు అమీర్‌పేటలో సారథీ స్టూడియో వెలసింది. 1959లో ‘మా ఇంటి మహాలక్ష్మి’ అక్కడ రూపొందింది. ఆ తరువాత చాలాకాలం ఆ స్టూడియో ఏకాకిగానే మిగిలింది. 1960ల నుంచి ప్రభుత్వం రాష్ట్రంలో నిర్మించిన చిత్రాలకు నగదు సబ్సిడీ, క్రమేణా వినోదపు పన్నులో తగ్గింపు కల్పిస్తూ వచ్చింది. 1964లో నంది పురస్కారాలు, 1975లో చలనచిత్రాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాయి. ఆ సబ్సిడీ కోసం మద్రాసు నుంచి యూనిట్లు వచ్చేవి, బయటి దృశ్యాలు తీసుకునేవి, తిరిగి వెళ్ళేవి. హైదరాబాదులో మిగిలింది హోటలు బిల్లుల రశీదులే.

పరిస్థితిని మార్చినది రాయితీ ఒక్కటే కాదు. అక్కినేని నాగేశ్వరరావు 1960లలో మకాం హైదరాబాదుకు మార్చి, తనతో చిత్రం తీయదలచినవారు ఇక్కడికే రావాలని పట్టుబట్టారు. 1970ల మధ్యలో అన్నపూర్ణ, రామకృష్ణా స్టూడియోలు, తరువాతి దశాబ్దంలో పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు లేచాయి. 1996లో రామోజీ ఫిలిం సిటీ వచ్చింది. ప్రభుత్వం భూములిచ్చింది, ఆ భూముల మీద గోడలు కట్టవలసి వచ్చింది. గోడలు కట్టినవాడు ఫ్లోరు ఖాళీగా ఉంచలేడు, ఫ్లోరు నడవాలంటే లైట్‌మన్లు, మేకప్‌మన్లు, సెట్టు పనివారు ఊళ్ళోనే ఉండాలి. అట్లా కృష్ణానగర్, ఇందిరానగర్ పుట్టుకొచ్చాయి. అయినా పాటల రికార్డింగు, రీరికార్డింగు 1990లలోనూ చాలావరకు మద్రాసులోనే జరిగాయంటే, ఒక పరిశ్రమ ఊరు మారడానికి ఎంత కాలం పడుతుందో ఊహించుకోవచ్చు. సారథీ నుంచి లెక్కిస్తే ముప్పై అయిదేళ్ళకు పైమాటే.

ఈ కథకు రెండో ముఖం కూడా ఉంది. మద్రాసులో మిగిలిపోయిన తెలుగు సాంకేతికులను, వాద్యకారులను, చిన్న వేషాల నటీనటులను గురించి తెలుగు ప్రభుత్వాలు ఏనాడూ పెద్దగా ఆలోచించలేదు. నటులకు విమానం ఉంది. సంసారాన్ని మోసుకుని కొత్త ఊరికి తరలివెళ్ళే శక్తి లేనివారు అక్కడే వృత్తి మార్చుకున్నారు. ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన విజయ వాహినీ స్టూడియో నేల మీద ఈనాడు ఆసుపత్రి, హోటలు, అంగళ్ళ సముదాయం ఉన్నాయి. ఇటు హైదరాబాదులో స్టూడియోల పేరిట ఇచ్చిన భూముల్లో కొన్ని చేతులు మారి, న్యాయస్థానాల గడప ఎక్కిన ఉదంతాలూ ఉన్నాయి. భూమి రాయితీ గోడలు కట్టించిన మాట నిజమే. నగరం పెరిగి గజం ధర ఆకాశానికి అంటినప్పుడు ఆ గోడల కంటే వాటి కింది నేలే యజమానికి ప్రియమవుతుందన్నదీ నిజమే.

ఇంకొక సంగతి. వినోదపు పన్ను టికెట్టు మీద విధించేది గనుక దానిలో రాయితీ టెలివిజన్‌కు ఏనాడూ అక్కరకు రాలేదు. టీవీ సీరియల్‌కు టికెట్టు ఉండదు గదా. అయినా 1995 తరువాత ప్రైవేటు చానెళ్ళు రాగానే తెలుగు సీరియళ్ళ నిర్మాణం హైదరాబాదులో నిలదొక్కుకుంది. దానికి పన్ను తగ్గింపు కారణం కాదు. రచయితలు, నటులు, కెమెరా సహాయకులు, ఖాళీ ఫ్లోర్లు అప్పటికే అక్కడ సిద్ధంగా ఉండడం కారణం. పనివారు ఉన్నచోటికి పని వస్తుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఒకప్పుడు రాష్ట్రాల చేతిలో ఉన్న పనిముట్లు ఒక్కటొక్కటిగా జారిపోయాయన్నది ఈ చర్చలో తరచు మరుగున పడే అంశం. స్థానిక ఉత్పత్తికి తక్కువ పన్ను, బయటి సరుకుకు ఎక్కువ పన్ను అనే పద్ధతిని సుప్రీంకోర్టు గుజరాత్‌లో టెలివిజన్ సెట్ల విషయంలో 1988లోనే కొట్టివేసింది. తెలుగు చిత్రాలకు 10 శాతం, ఇతర భాషా చిత్రాలకు 24 శాతం వినోదపు పన్ను విధించిన ఆంధ్రప్రదేశ్ ఉత్తర్వులు 2007లో ఆశీర్వాద్ ఫిలిమ్స్ కేసులో చెల్లకుండా పోయాయి. భాషను బట్టి పన్ను మార్చడం రాజ్యాంగం 14వ అధికరణం చెప్పే సమానత్వానికి విరుద్ధమని ధర్మాసనం తేల్చింది. ఇక డబ్బింగును అడ్డుకోవడమనే మార్గం. తెలుగు టీవీ కళాకారులు డబ్బింగ్ సీరియళ్ళకు వ్యతిరేకంగా పలుమార్లు ఆందోళన చేశారు, వారి బాధలో న్యాయం లేకపోలేదు. కాని 2011లో పశ్చిమ బెంగాల్‌లో ‘మహాభారత్’ బెంగాలీ డబ్బింగ్ సీరియల్ ప్రసారం చేయరాదని కళాకారుల, సాంకేతికుల సమన్వయ సంఘం రెండు చానెళ్ళపై తెచ్చిన ఒత్తిడి, పోటీ చట్టానికి విరుద్ధమని 2017 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చి వినోదపు పన్నును తనలో కలిపేసుకుంది. స్థానిక సంస్థలు వేసుకునే పన్ను ఒక్కటే బయట మిగిలింది. టికెట్టు మీద పన్ను ఎంతన్నది ఇప్పుడు జీఎస్టీ మండలి నిర్ణయం. మొదట 100 రూపాయల పైబడిన టికెట్టుకు 28 శాతం, దానిలోపు 18 శాతం ఉండగా, 2019లో అవి 18, 12కు తగ్గాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్టుకు 5 శాతమే. ఇవి దేశమంతటా అన్ని భాషలకూ సమానం. ఈనాడు ఏ ముఖ్యమంత్రి అయినా ఒక చిత్రానికి పన్ను మినహాయించామంటే, రాష్ట్రపు వాటా పన్నును వదులుకున్నామనో తిరిగి చెల్లిస్తున్నామనో మాత్రమే అర్థం.

కనుక ఇక మిగిలింది ఖజానా నుంచి నేరుగా డబ్బు ఇవ్వడమే. ఒక విధంగా ఇది మంచికే. పూర్వం వసూలు కాని పన్ను ఎంతో, అది ఎవరి జేబులో మిగిలిందో పౌరుడికి తెలిసేది కాదు. 1980లలో ప్రవేశపెట్టిన శ్లాబు పద్ధతిని తీసుకోండి. టికెట్లు ఎన్ని తెగినా థియేటరు స్థాయిని, సీట్లను బట్టి స్థిరమైన పన్ను కట్టించుకున్నారు. హాలు నిండిన పెద్ద చిత్రానికి అది మేలు చేసింది, సగం కుర్చీలు ఖాళీగా ఉన్న చిన్న చిత్రానికి భారమైంది. ఆ మేలు విలువ ఎంతో బడ్జెట్ పత్రాల్లో ఎక్కడా కనిపించదు. ఇప్పుడు ఇచ్చే ప్రతి రూపాయీ చెల్లింపుగా నమోదవుతుంది. శాసనసభ అడగవచ్చు, కాగ్ పరిశీలించవచ్చు.

నేరుగా డబ్బు చెల్లించే ఈ పోటీలో మనకంటే చాలా ముందు దిగింది ఉత్తర అమెరికా. అక్కడి ఫలితాలు మన విధానకర్తలు చూడదగినవి. మిషిగన్ రాష్ట్రం 2008లో ఖర్చులో 42 శాతం దాకా తిరిగి ఇస్తామంది. కార్ల కర్మాగారాలు మూతపడుతున్న కాలమది. సినిమా వాటి స్థానాన్ని భర్తీ చేస్తుందని ఆశపడ్డారు. పాంటియాక్ పట్టణంలో కట్టిన స్టూడియో బాండ్లకు రాష్ట్ర ఉద్యోగుల పింఛను నిధిని హామీ ఉంచారు. 2012లో స్టూడియో వాయిదా చెల్లించలేకపోగా ఆ భారం పింఛను నిధి మీద పడింది. 2015లో ఆ రాష్ట్రం పథకాన్నే ఎత్తివేసింది. సినిమాలు మరో రాష్ట్రానికి వెళ్ళిపోయాయి.

జార్జియా అనుభవం మరొక తీరు. అక్కడ 20 శాతం రాయితీ, చిత్రంలో రాష్ట్రపు చిహ్నం చూపిస్తే మరో 10 శాతం. ఆ పన్ను రాయితీని నిర్మాత తాను వాడుకోనక్కరలేదు, సినిమాతో సంబంధం లేని మరో పన్ను చెల్లింపుదారుకు అమ్ముకోవచ్చు కూడా. పథకం ఫలితాలను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపారని 2020లో ఆ రాష్ట్రపు ఆడిట్ శాఖే చెప్పింది. అట్లాంటా పరిసరాల్లో పెద్ద స్టూడియోలు లేచిన మాట వాస్తవం. అయితే 2018, 2019 సంవత్సరాల్లో విడుదలైన ‘ఎవెంజర్స్’ చిత్రాలు అక్కడ తయారు కాగా, 2025లో మొదలైన తరువాతి చిత్రం ఇంగ్లండు వెళ్ళింది. హాలీవుడ్‌కు పుట్టినిల్లయిన కాలిఫోర్నియా సైతం ఏటా 33 కోట్ల డాలర్లున్న తన రాయితీని 2025లో 75 కోట్లకు పెంచుకోవలసి వచ్చింది. విదేశాల్లో తీసిన చిత్రాలపై 100 శాతం సుంకం విధిస్తామని అదే సంవత్సరం మే నెలలోనూ, సెప్టెంబరులోనూ అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించడం కూడా ఈ పోటీ పర్యవసానమే. అమెరికాలోని తెలుగువారి టికెట్ల మీద లెక్కలు వేసుకునే మన నిర్మాతలు ఆ ప్రకటనకు ఉలిక్కిపడడంలో ఆశ్చర్యం లేదు.

వీరందరిలో కెనడా పద్ధతి వేరు. అక్కడి సమాఖ్య ప్రభుత్వం విదేశీ నిర్మాణాలకు ఇచ్చే 16 శాతం రాయితీ మొత్తం ఖర్చు మీద కాదు, కెనడా నివాసులకు చెల్లించిన వేతనాల మీద. కొన్ని రాష్ట్రాలు దానిపై ఇచ్చేదీ అటువంటిదే. హోటలు బిల్లుకు, దిగుమతి చేసుకున్న నటుడి పారితోషికానికి సమాఖ్య రాయితీ వర్తించదు. ఈ ఒక్క షరతు వల్ల నిర్మాత తనతో తెచ్చుకునే పనివారి సంఖ్య తగ్గించి, వాంకూవర్‌లోనో టొరంటోలోనో మనిషిని వెతుక్కుంటాడు. ఈ ఏడు పని చేసిన సహాయకుడు మరో రెండేళ్ళకు విభాగాధిపతి అవుతాడు. తరువాతి చిత్రం రాయితీ కోసం వచ్చినా, వచ్చాక అతని నైపుణ్యం కోసం ఆగుతుంది. 1990ల చివరి నుంచి వాంకూవర్ నిలబడడానికి పక్క దేశపు పెద్ద పరిశ్రమ సామీప్యం, కరెన్సీ విలువ కూడా కారణాలే గాని, ఈ వేతన నియమం చేసిన మేలు తక్కువది కాదు.

తెలుగు రాష్ట్రాలకు ఇదంతా దూరపు ముచ్చట కాదు. 2014 విభజన తరువాత మద్రాసు కథే తిరిగి మొదలైంది. పరిశ్రమ హైదరాబాదులో ఉంది, వసూళ్ళలో పెద్ద భాగం ఆంధ్రప్రదేశ్ థియేటర్ల నుంచి వస్తుంది. విశాఖకు పరిశ్రమను రప్పించాలన్న కోరిక ఏ పార్టీ అధికారంలో ఉన్నా వినిపిస్తూనే ఉంది. 2022 మార్చిలో టికెట్ల ధరలను సవరిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక వింత నిబంధన చేర్చింది. ప్రధాన తారల, దర్శకుడి పారితోషికాలు కాక 100 కోట్ల రూపాయలకు పైబడి ఖర్చయిన చిత్రాలు తొలి 10 రోజులు టికెట్టు ధర పెంచుకోవచ్చు, అందుకు చిత్రీకరణలో కనీసం 20 శాతం రాష్ట్రంలో జరపాలి. ప్రభుత్వం తన డబ్బు పైసా ఇవ్వకుండా రాయితీ ఇచ్చిందన్నమాట, ఇచ్చినవాడు ప్రేక్షకుడు. అనకాపల్లిలో బెంచీ టికెట్టు కొన్నవాడు పది రూపాయలు ఎక్కువిస్తే, దానికి ప్రతిగా అరకు లోయలో ఒక పాట చిత్రీకరిస్తారు. ఆ 20 శాతం రోజులా, ఖర్చా, నిడివా అన్నది పక్కన పెట్టినా, యూనిట్ మొత్తం హైదరాబాదు నుంచి వ్యాన్లలో వచ్చి తిరిగి వెళ్తే విశాఖ వాసికి దక్కేది జనసమూహంలో నిలబడే ఒకనాటి వేషమే. ఇది 1960ల నాటి సబ్సిడీ యూనిట్ల కథ కాక మరేమిటి?

హైదరాబాదులో ఉన్న కార్మికుడి స్థితి మాత్రం ఏపాటిది? 2025 ఆగస్టులో తెలుగు చలనచిత్ర కార్మిక సమాఖ్య 30 శాతం వేతన పెంపు కోరుతూ రెండు వారాలకు పైగా చిత్రీకరణలు ఆపివేసింది. చివరికి మూడేళ్ళలో విడతల వారీగా పెంచే ఒప్పందం కుదిరింది. వందల కోట్ల బడ్జెట్లు ప్రకటించుకునే పరిశ్రమలో దినకూలి మీద ఇంత రచ్చ ఎందుకు జరిగిందంటే, బడ్జెట్‌లో సింహభాగం తారలకు పోయి, మిగిలినదానిలోనే 24 విభాగాల కార్మికులూ సర్దుకోవలసి రావడం వల్ల. ఖర్చు మీద లెక్కగట్టే రాయితీ ఈ పంపకాన్ని ఉన్నదున్నట్టు స్థిరపరుస్తుంది. తార పారితోషికం పెరిగితే ‘ఖర్చు’ పెరుగుతుంది, ఖర్చు పెరిగితే ఖజానా ఇచ్చేదీ పెరుగుతుంది. వేతనం మీద లెక్కగట్టి, ఒక్కొక్క వ్యక్తికి ఇంతకు మించి పరిగణించబోమని పరిమితి పెడితే, నిర్మాతకు లైట్‌మన్ కూలి పెంచడం కొంత సులువవుతుంది. ఆ పెంపులో ఒక భాగం తిరిగి వస్తుంది గనుక. రాయితీని రాష్ట్రంలో నివసించే కార్మికుడికి పరిమితం చేసినా దానికి భాషతో నిమిత్తం ఉండకూడదు. విశాఖలో తమిళ చిత్రం తీసి విశాఖ కార్మికుడికి కూలి ఇచ్చిన నిర్మాతా అర్హుడే. 2007 నాటి తీర్పు ఎదురుకాకుండా ఉండడానికి అదొక్కటే దారి. టీవీ, వెబ్ సీరియళ్ళకూ ఇదే సూత్రం వర్తించాలి. ఈనాడు ఏడాది పొడవునా పని కల్పిస్తున్నవి అవే. ఎవరికి ఎంత ఇచ్చారో, ఎందరికి ఎన్ని దినాల పని దొరికిందో ఏటా పత్రికల్లో ప్రకటించాలి. అయిదేళ్ళకొకసారి శాసనసభ తిరిగి ఆమోదించనిదే పథకం కొనసాగకూడదు.

అభ్యంతరం ఒకటి వినిపిస్తుంది. జూనియర్ ఆర్టిస్టులకు, రోజు కూలీలకు చెల్లింపులు మధ్యవర్తుల ద్వారా చేతికి చేతిగా జరుగుతున్నప్పుడు వేతనం లెక్క తేలేదెట్లా అని. అభ్యంతరం నిజమైనదే. అయితే సినీ కార్మికుడితో రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981 నాటి కేంద్ర చట్టమే చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ నియమాన్ని దృశ్య శ్రవణ కార్మికులందరికీ విస్తరించింది. నలభై ఏళ్ళకు పైగా పుస్తకంలో ఉండి సెట్టు మీదికి రాని నియమమిది. రాయితీ దరఖాస్తుతోపాటు ప్రతి కార్మికుడి ఒప్పందం ప్రతి, బ్యాంకు ఖాతాలో కూలి జమ అయిన రుజువు జతపరచనిదే దస్త్రం కదలదని ఒక్క ఉత్తర్వు వెలువడితే, కార్మిక శాఖ తనిఖీ అధికారి స్టూడియో గేటు వద్ద పడిగాపులు పడనక్కర లేకుండానే ఆ కాగితాలు నిర్మాతే తెచ్చి ఇస్తాడు.